చూచిన దయ, చూడని దయ

తెల్లవారి దుకాణపు తలుపులు తీయకముందే మేడమీదనో, వీధి అరుగు ముందో దోసెడు జొన్నలు చల్లుట, మట్టి మూకుడులో నీరు పోసి పెట్టుట జైన వర్తక కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. బళ్ళారిలో ఉన్నను, బరంపురములో ఉన్నను, చెన్నపట్నములో, పుణెలో, యానాములో ఉన్నను ఈ ఆచారము మారలేదు. అయితే ఆ గింజలు తినుటకు వచ్చినవి ఏ పక్షులని ఆ గృహస్థును అడిగినచో "కాకులు, పావురములు, పిచ్చుకలు" అని చెప్పి ఆగిపోవును. అదే మనిషి మిరపకాయను వ్రేళ్ళతో నలిపి అది ఏ ప్రాంతపు సరకో చెప్పగలడు. చింతపండు వాసన చూచి కొత్తదో పాతదో చెప్పగలడు. లాభనష్టములున్న చోట కన్ను పనిచేయుచున్నది. దయ ఉన్నచోట చేయి మాత్రమే పనిచేయుచున్నది. ఈ లోపము చిన్నదా, పెద్దదా అనునది ఆలోచింపదగిన విషయము.

ఇటీవల కొన్ని సంవత్సరములుగా ఈ కుటుంబములలోని పిల్లలు కొందరు ఆదివారము ఉదయము దుర్భిణీ మెడకు తగిలించుకొని చెరువు గట్లకు, పొలములకు పోయి పక్షులను, సీతాకోకచిలుకలను చూచి వచ్చుచున్నారు. చూచినవాని పేర్లు చిన్న పుస్తకములో వ్రాసికొనుచున్నారు. ఇందులో వారికి పైసా లాభము లేదు. పరీక్షకు పనికివచ్చునదియు కాదు. కేవలము సంతోషము కొరకు చేయుచున్న పని. దీనిపై ఇంటి పెద్దలు రెండు ఆక్షేపణలు చేయుచున్నారు. ఆ రెండును తేలికగా త్రోసివేయదగినవి కావు.

మొదటి ఆక్షేపణ: ప్రయోజనము లేక తిరుగుట, గడ్డి త్రొక్కుట, పురుగును నలుపుట శ్రావకునకు తగదు. అనర్థదండ విరతి యను వ్రతము చెప్పినది దీనినే. రెండవ ఆక్షేపణ ఇంకను బలమైనది. రంగురంగుల రెక్కలను చూచి మురియుట చక్షురింద్రియమునకు దాస్యము చేయుట కాదా? ఏనుగు స్పర్శకు, చేప రుచికి, తుమ్మెద వాసనకు, లేడి నాదమునకు, శలభము రూపమునకు లొంగి నశించునని పెద్దలు చెప్పు దృష్టాంతము ప్రసిద్ధమైనది. దీపమును చూచి మురిసిన శలభము ఏమైనదో తెలిసియుండి, ఆ శలభమునే చూచి మురియుట వివేకమగునా అని వారి ప్రశ్న.

రెండవ ఆక్షేపణను ముందుగా పరిశీలించుట మంచిది. శలభము నశించినది చూచుటవలన కాదు, చూచినదానిపై పడుటవలన. కన్ను చూచినదానిని చేయి కోరినపుడు రాగము పుట్టును. చేయి పట్టుకొన్నపుడు అది పరిగ్రహమగును. రామచిలుక కొమ్మమీద కూర్చుండి జామకాయ కొరుకుచుండగా చూచి సంతోషించి ఇంటికి వచ్చినవాడు ఏమియు తీసికొనిరాలేదు. చిలుకయు ఏమియు పోగొట్టుకొనలేదు. అదే చిలుకను ముద్దుగానున్నదని పంజరములో పెట్టినవాడు ముద్దు పేరుతో దానిని ఖైదు చేసినాడు. అహింసాణువ్రతమునకు శాస్త్రము చెప్పిన ఐదు అతిచారములలో బంధము ఒకటి. కొట్టుట, అవయవములు ఛేదించుట, మోయలేని బరువు మోపుట, అన్నపానములు ఆపుట అను తక్కిన నాలుగింటి సరసన కట్టివేయుటయు నిలిచినది. పంజరములోని చిలుకకు వేళకు పండు పెట్టుచున్నామను సమాధానము ఈ అతిచారమును తుడువజాలదు. ఇక చట్టము మాట చెప్పవలసినచో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రామచిలుకను పట్టుట, అమ్ముట, ఇంటిలో పెంచుట నేరము. ఆ సంగతి తెలియని ఇండ్లు ఇప్పటికిని ఉన్నవి.

చూచుటలో సైతము రెండు విధములున్నవి. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని తెలుగువారి నమ్మకము. పూర్వము జనులు ఊరు దాటి పొలములకు పోయి, తంగేడు పొదలనడుమ పాలపిట్ట ఎగురుచుండగా చూచి మ్రొక్కి వచ్చెడివారు. పట్టణములు పెరిగినవి, పొలములు దూరమైనవి. చూపు కావలెను, నడక అక్కరలేదు అనువారు పెరిగినారు. దానితో తెలంగాణలో కొందరు పాలపిట్టలను ముందుగానే పట్టి, కాళ్ళకు దారము కట్టి, రెక్కలు కత్తిరించి, గూటిలో పెట్టి వీధివీధి త్రిప్పి డబ్బుకు చూపించుట ఆరంభించిరి. అట్టి పక్షులలో చాలవరకు తిరిగి ఎగురలేని స్థితికి వచ్చును. శుభము కొరకు చూచిన చూపు ఒక జీవికి అశుభమైనది. పక్షి ఉన్నచోటికి తాను పోవుట ఒకటి, పక్షిని తానున్నచోటికి తెప్పించుకొనుట వేరొకటి. మొదటిది దర్శనము, రెండవది బేరము.

ఈ భేదమునకు జైన సంప్రదాయములోనే మంచి సాక్ష్యము కలదు. దిగంబర మునులు చేతబట్టు పింఛి నెమలి ఈకలతో చేసినది. వర్షకాలము ముగియునప్పటికి మగనెమలి తన పొడవైన తోక ఈకలను తానే రాల్చివేయును. అట్లు రాలిన ఈకలతోనే పింఛి కట్టవలెనని నియమము. ఆ మెత్తని ఈకలతో కూర్చుండు చోటును మెల్లగా తుడిచి, చీమకుగాని, పురుగుకుగాని బాధ కలుగకుండ మునులు జాగ్రత్తపడుదురు. ఒక జీవి విడిచిపెట్టినదానితో మరియొక జీవిని కాపాడుట! సౌందర్యమును వద్దనలేదు, దానికొరకు చేయి చాపనూలేదు. శ్రవణబెళగొళలో పదవ శతాబ్దిలో చావుండరాయడు నిలిపిన గొమ్మటేశ్వరుని విగ్రహమును చూచినవారికి ఇంకొక సంగతి తెలియును. బాహుబలి కాళ్ళకు, చేతులకు తీగలు ప్రాకినవి. పాదముల చెంత పుట్టలు, వానిలో సర్పములు. కదలక, కోరక నిలిచినవానికి ప్రాణులు భయపడవని ఆ శిల్పము చెప్పుచున్నది. పక్షులను చూడ నేర్చినవారికి మొదటి పాఠమిదే. చేతులు ఊపువానికి ఏ పిట్టయు కనబడదు.

ఇక మొదటి ఆక్షేపణ. ఈ పని నిష్ప్రయోజనమా? జీవులను ఇంద్రియముల లెక్కన విభజించినది జైన శాస్త్రము. వానపామువంటి వానికి రెండు, చీమకు మూడు, తుమ్మెదకు, సీతాకోకచిలుకకు నాలుగు, పక్షులకు ఐదు ఇంద్రియములని చెప్పినది. ఈ విభాగము చేసిన ప్రాచీనులు చీమను చూడకయే చీమనుగూర్చి చెప్పిరని అనుకొనుట కష్టము. ఈర్యాసమితి యనగా నడుచునపుడు ముందున్న నేలను పరికించి అడుగు వేయుట. అనగా చూచుట సాధువునకు విధిగా చెప్పబడినది. దశవైకాలిక సూత్రములో జ్ఞానమునకు దయకంటె ముందు స్థానము ఇచ్చినారు. జీవమేదో, అజీవమేదో ఎరుగనివాడు దేనిని కాపాడునని అందలి భావము. కావున జీవులను తెలిసికొనుటకై చేయు చూపు నిష్ప్రయోజనము కాదు. దయకు అది పునాది. చూపు లేని దయ ఏమి చేయునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. పండుగ దినములలో జరుగు పనులను చూచిన చాలును.

పర్యూషణ దినములలోను, మహావీర జయంతినాడును బజారులో పంజరపు పిట్టలను కొని, ఆకాశములోనికి విడిచిపెట్టి పుణ్యము పొందితిమని సంతోషించువారు కలరు. వారి హృదయము మంచిదే. కాని ఇది వర్తకులు చదువు పత్రిక గావున వర్తకపు మాటలలో చెప్పుకొనవచ్చును. గిరాకీ ఉన్నచోట సరకు వచ్చును. పది జీనువాయి పిట్టలను కొన్నవాడు పదింటిని విడిపించినానని అనుకొనును. వలవాడు మరుసటి దినము ఇరువది పిట్టలకు వల వేయును. వలలో, బుట్టలో, రైలు ప్రయాణములో చచ్చినవి ఎవరి లెక్కలోనికిని రావు. కొన్ని చోట్ల ఈ చిన్నపిట్టలకు గిరాకీ పెంచుటకై రంగులు సైతము పూయుదురు. విడిచిన పిట్ట తాను పుట్టిన గడ్డినేలకు చేరదు. ఊరిమధ్య తిండి ఎరుగక, దారి ఎరుగక పిల్లికో, డేగకో చిక్కును. విడుదల కొరకే పట్టువాడున్నంతకాలము ఆ విడుదల పుణ్యమా, పెట్టుబడియా? కొనకుండ అటవీశాఖవారికి తెలుపుట చప్పట్లు లేని పని. దయ మాత్రము అందులోనే ఉన్నది.

పావురముల విషయము ఇంతకంటె సున్నితమైనది. 2025లో బొంబాయి నగరములో ప్రజారోగ్యము కారణముగా కబూతర్ఖానాలను మూయవలెనని నిర్ణయము జరిగి, దాదరులోని కబూతర్ఖానాను పట్టాలతో కప్పినపుడు జైనులు పెక్కురు వీధికి వచ్చి బాధ వెలిబుచ్చినారు. తరతరములుగా గింజలు వేసిన చేతికి ఒక్కసారిగా వద్దనిన బాధ కలుగుట సహజము. అలవాటుపడిన మూగజీవములు ఏమగునను వారి ప్రశ్నయు న్యాయమైనదే. అయినను రెండవ వైపు చూడకుండుట ధర్మము కాదు. పావురముల రెట్ట ఎండి దుమ్మై గాలిలో కలిసినపుడు దానిని పీల్చిన కొందరికి ఊపిరితిత్తుల వ్యాధి వచ్చుననుట వైద్యులు ఎరిగిన విషయము. ఆ మనిషియు పంచేంద్రియ జీవియే. మరియు గుట్టలు గుట్టలుగా ఒకే గింజ ఒకే చోట పోయుటవలన ఒక్క జాతి పెరుగును. గింజలు తినని పిట్టలకు అందువలన మేలు లేదు. రోజును గింజలు చల్లువాడు నెలకొక్కసారి కూర్చుండి ఎవరు తినిరో, ఎవరు రాలేదో చూచినచో ఈ సంగతి తానే గ్రహించెడివాడు.

రాని వారిలో పిచ్చుక ఒకటి. ఒకప్పుడు ధాన్యపు కొట్టులో పిచ్చుకలేని దినము ఉండెడిది కాదు. పెంకుటిండ్ల వాసాలలో, గోడల కన్నములలో అవి గూడు కట్టెడివి. సిమెంటు గోడలకు కన్నములు లేవు. ఇంకొక కారణము కూడ కలదు. పెద్ద పిచ్చుక గింజలు తినును గాని, గూటిలోని కూనకు మొదటి దినములలో తల్లిదండ్రులు తెచ్చి పెట్టునవి చిన్న పురుగులు. పెరటిలో పురుగుమందు చల్లి, ముంగిట బియ్యము చల్లినవాడు తల్లికి అన్నము పెట్టి బిడ్డకు ఆకలి పెట్టినవాడగుచున్నాడు. వరికంకులను కుచ్చుగా కట్టి వసారాలో వ్రేలాడదీయు తెలుగువారి పాత అలవాటు మంచిదే. దానితోపాటు గోడకు ఒక చెక్కపెట్టె, పెరటిలో మందు చల్లని నాలుగు మొక్కలు ఉన్నప్పుడే ఆ మంచి పూర్తియగును.

పెరటి మొక్కల మాట వచ్చినది గావున సీతాకోకచిలుకలను గూర్చి చెప్పవలెను. కరివేపచెట్టు, నిమ్మచెట్టు లేని ఇల్లు తక్కువ. వాని లేతాకులపై ఆవగింజంత గుడ్డు ఒకటి కనబడును. దానినుండి వెలువడు పురుగు మొదట పిట్టరెట్టవలె నలుపు తెలుపు మచ్చలతో ఉండును; శత్రువులు దానిని రెట్ట యనుకొని వదలివేయుటకు అది ఉపాయము. తరువాత ఆకువలె పచ్చబడును. ఆకులు తిని, కొమ్మకు దారము కట్టుకొని, గూడై నిశ్చలముగా నుండి, ఒక ఉదయము తడిరెక్కలతో వెలుపలికి వచ్చును. ఆ రెక్కలు ఆరువరకు అది ఎగురలేదు. ఇది అంతయు సుమారు నెలదినములలో ముగియును. ఇంటి ఇల్లాలు పూలకుండీపై వాలిన సీతాకోకచిలుకను చూచి పిల్లలను పిలిచి చూపించును. ఆమెయే కరివేపాకు తినుచున్న పచ్చపురుగును చూచి మందు తెమ్మనును. రెండును ఒకే జీవమని ఆమెకు ఎవరును చెప్పలేదు. ద్రవ్యము ఒకటే, పర్యాయములు మారునని ప్రవచనములలో పలుమారులు వినియుండును. కరివేప కొమ్మపై ఆ పాఠము కండ్లయెదుటనే జరుగుచున్నది. అందమైన పర్యాయమును ప్రేమించి, అందములేని పర్యాయమును చంపుట దయ కాదు. నాలుగు రెమ్మలు పురుగుకు వదలిన గృహిణికి ఆ నెల కూరలో రుచి తగ్గదు.

ఈ సంగతిని కండ్లార చూచినవానికి పట్టుబట్ట చేతికి వచ్చినపుడు మనస్సు ఒక నిమిషము ఆగును. పట్టుగూటిలోనున్నదియు ఇట్టి జీవమే. దారము తెగకుండుటకై దానిని వేడినీటిలోనో ఆవిరిలోనో చంపుదురు. పట్టు ధరింపమని నియమము పెట్టుకొన్న జైనులు పెక్కురు కలరు. పట్టు అమ్మమని నియమము పెట్టుకొనుట మాత్రము అంత సులభము కాదు, ఏలయన అది ఇంటి అన్నము. హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్యగారు చేనేత సంస్థలో ఉద్యోగము చేయుచు, పురుగు రెక్కలు వచ్చి బయటికి పోయిన తరువాత మిగిలిన గూటినుండి నూలు తీసి బట్ట నేయించు మార్గమును చూపిరి. దానికి అహింసా పట్టు అని పేరు వచ్చినది. ఆ బట్టకు మెరుపు కొంత తక్కువ, ధర కొంత ఎక్కువ. ఆ తేడాను భరింపగలవాడెవడు, భరింపలేనివాడెవడు అనునది ఎవరికి వారు చూచుకొనవలసిన లెక్క. కాని చూపు లేనిచో ఆ లెక్క పుస్తకములోనికే రాదు.

ఇంతవరకు చెప్పినది సుఖముగనే ఉన్నది. ఇప్పుడు కష్టమైన ప్రశ్న. చెరువు గట్టున లకుముకిపిట్ట నీలిరంగులో మెరయుచు నీటిలోనికి దూకి చేపతో పైకి వచ్చును. దానిని చూచి "ఆహా" అన్న జైనుడు చేప చావునకు అనుమోదన చేసినవాడు కాడా? చేసినను, చేయించినను, చేసినదానిని మెచ్చుకొన్నను కర్మబంధమే అని కదా సిద్ధాంతము. ఢిల్లీ చాందినీ చౌకులోని లాల్ మందిరములో జైనులు నడుపుచున్న పక్షుల ఆస్పత్రి లోకప్రసిద్ధము. అక్కడ గింజలు, పండ్లు తిను పక్షులను లోపల ఉంచుకొని వైద్యము చేయుదురు. డేగవంటి మాంసాహార పక్షులను సైతము తిరుగగొట్టక వైద్యము చేయుదురు గాని, లోపల ఉంచుకొనరు. గాయమునకు మందు ఇచ్చుటకు భేదము లేదు. మాంసము పెట్టి పోషించుట మాత్రము ఒప్పుకొనరు. ఈ నియమములో ఎంతో ఆలోచన కలదు.

దానినిబట్టి చెరువు గట్టుననున్నవానికి జవాబు దొరకుచున్నది. లకుముకిపిట్ట వ్రతము పట్టిన జీవి కాదు. దాని కడుపు దానిని నడుపుచున్నది. వ్రతము మనిషిది. దానిని చూచుట తప్పు కాదు. చేపను విసరి దానిని దగ్గరకు రప్పించుట తప్పు. చేప కొట్టుకొనుచుండగా నవ్వుట తప్పు. నిజమైన దర్శనములో పిట్ట నీలిరంగును చేప నొప్పియు రెండును కనబడవలెను. ఆ క్షణమున కలుగు ఆనందములో కొంత విచారము కలియును. తిర్యంచ గతిలోని జీవులు ఒకదానినొకటి తినక బ్రతుకలేవని ప్రవచనములో విన్నపుడు తల ఊపినవాడు, చెరువు గట్టున దానిని చూచి మౌనముగా ఇంటికి వచ్చును. తన పళ్ళెములో ప్రాణిహింస లేకుండ బ్రతుకుటకు వీలున్న జన్మ ఎంత అరుదైనదో అతనికి అపుడు తెలియును.

చూపువలన దయ పుట్టినదనుటకు ఉదాహరణములు జైనులలోనే వెదకనక్కరలేదు. చెంగల్పట్టు ప్రాంతములోని వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెరువులోని కొంగలను ఎవరును కాల్చకుండ కాపాడుకొనుచు, 1798లోనే ఆనాటి కలెక్టరునుండి ఆ హక్కును వ్రాయించుకొనిరి. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలమునకు ఎరువగునని వారు చూచి తెలిసికొనిరి. మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇండ్ల నడుమనున్న చింతచెట్లపైననే గూళ్ళు కట్టును. గూళ్ళున్న చెట్లకు చింతకాయ దులుపకుండ రైతులు ఆపుదురు. ఆ నష్టమునకు ప్రభుత్వము కొంత పరిహారము ఇచ్చు ఏర్పాటు చేసినది. 2007లో ఆ ఊరిని సామూహిక సంరక్షణ ప్రదేశముగ ప్రకటించిరి. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములోను అవే పక్షులు ఏటేటా వచ్చుచున్నవి. పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని గ్రామస్థులు వానిని ఆదరింతురు. రెట్ట వాసన, రాలిన చేపల కంపు, ఆకులు మాడిన చెట్లు, ఇవన్నియు భరించుచునే ఆదరింతురు.

తమిళనాడులో శివగంగ జిల్లా వేట్టంగుడి చెరువుల ప్రక్కనున్న కొల్లుకుడిపట్టి గ్రామస్థుల మాట వేరుగా చెప్పవలెను. దీపావళి సమయమున ఆ చెరువులలో పక్షులు గూళ్ళు కట్టి పిల్లలను పెట్టుచుండును. శబ్దమునకు అవి బెదరునని దశాబ్దములనుండి ఆ ఊరివారు దీపావళికి టపాకాయలు కాల్చుట మానివేసిరి. దీపావళి జైనులకు మహావీరస్వామి నిర్వాణ దినము. ఆ రాత్రి జైనుల వీధులలో కాలు టపాకాయల పొగలో ఎన్ని గూళ్ళు బెదరినవో ఎవరును లెక్కించలేదు. అహింసను గూర్చి ఉపన్యాసములు వినని రైతుబిడ్డలు పక్షుల కొరకు పండుగ చప్పుడును వదలుకొనిరి. వారికి శాస్త్రము తెలిసి కాదు, ప్రతిదినము ఆ పక్షులను చూచుచుండుటచేత.

అయితే ఈ వినోదములోను దోషములు ప్రవేశింపగలవు. పిట్టల పట్టికను సరకుల జాబితావలె పెంచుకొని, "నాకు మూడువందలు, నీకెన్ని?" అని పోటీ పడుట పరిగ్రహమునకు మరియొక రూపము. ఫొటో కొరకు గూటివద్ద కొమ్మలు విరుచుట, తల్లిపిట్టను బెదరించుట, ఫోనులో దాని జోడు కూత వినిపించి మోసపుచ్చి రప్పించుట హింసయే. సీతాకోకచిలుకను పట్టి సూదితో గుచ్చి అట్టపెట్టెలో దాచుట శ్రావకునకు తగదని వేరుగ చెప్పనక్కరలేదు. ఆక్షేపణ చేసిన పెద్దలు ఈ దోషములను దృష్టిలో ఉంచుకొన్నచో వారి మాట సరియైనదే. దానికి మందు చూచుట మానుట కాదు, చూపునకు నియమము పెట్టుకొనుట. దూరము పాటించుట, గూటిజోలికి పోకుండుట, పచ్చిక త్రొక్కక ఉన్న బాటలోనే నడచుట, చాతుర్మాసములో ప్రయాణము మాని పెరటిలోనే చూచుట అట్టి నియమములు.

సలీం అలీగారి జీవితము ఈ మార్పునకు నిదర్శనము. 1896లో బొంబాయిలో పుట్టిన ఆయన పిల్లతనములో ఆటతుపాకితో ఒక పిచ్చుకను కొట్టెను. దాని కంఠముపై పసుపుమచ్చ చూచి, ఇది ఏ పిట్టయో తెలిసికొనవలెనని బయలుదేరుటతో ఆయన జీవితమే మారినది. కుటుంబ వ్యాపారముకై బర్మాకు పోయినను, తిరిగివచ్చి లెక్కల చదువు చదివినను, ఆయన మనస్సు పక్షులను విడువలేదు. ఆ కాలపు శాస్త్రజ్ఞులవలె ఆయనయు పరిశోధనకై పక్షులను కాల్చినమాట నిజము. 1987లో మరణించునప్పటికి దేశములో పక్షిరక్షణకు ఆయన పేరే మారుపేరు. నేడు తుపాకి అవసరము లేదు. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదికకు ఆధారము సుమారు 30,000 మంది సామాన్యులు కండ్లతో చూచి వ్రాసిపెట్టిన లెక్కలు. దీర్ఘకాలపు వివరము దొరకిన 338 జాతులలో 60 శాతము తగ్గినవని ఆ నివేదిక తేల్చినది. ఆదివారపు పిల్లవాని చిన్నపుస్తకము నిష్ప్రయోజనము కాదనుటకు ఇంతకంటె ఏమి కావలెను? ఏ సరకు తరుగుచున్నదో తెలియని వర్తకుడు కొట్టును కాపాడలేడు.

ఎచ్చటనున్న కుటుంబమునకు అచ్చటనే చూడదగినవి కలవు. యానాము వారికి కోరంగి మడ అడవులు, బరంపురము వారికి చిలుకా సరస్సు, మైసూరు వారికి రంగనతిట్టు, చెన్నపట్నము వారికి పులికాటు, బొంబాయి వారికి ఠాణా కయ్యలోని రాజహంసలు. చలికాలములో చిలుకాకు వచ్చు చక్రవాకములను చూచినవారికి సుమతినాథ తీర్థంకరుని లాంఛనము జ్ఞప్తికి వచ్చును; క్రౌంచమనియు, చక్రవాకమనియు సంప్రదాయభేదమునుబట్టి చెప్పుదురు. ఇంత దూరము పోలేనివారికి పెరటి కరివేపచెట్టు చాలును.

సామాయికమునకు నలుబదియెనిమిది నిమిషములు. పక్షులను చూచుట సామాయికము కాదు, దానికి బదులును కాదు. కాని ఏదియు కోరక, ఏదియు కదల్పక అంతసేపు ఒకచోట నిలువ నేర్చినవానికి సామాయికములో కూర్చుండుట సులభమగును. తెల్లవారి గింజలు చల్లు గృహస్థు రేపటినుండి చల్లిన వెంటనే లోపలికి పోక, తాళములు తీయక, ఆ అరుగుమీదనే కొంతసేపు నిలిచి చూడవలెను. ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు, ఎవరిని ఎవరు తరిమిరి, ఏ పిట్ట కుంటుచున్నది? పదిదినములలో అతడు చల్లు గింజ మారును, చల్లు చోటు మారును, పెరటిలో మందు చల్లుట ఆగును. చేయి చేయుచున్న దానమునకు కన్ను తోడైనదని అపుడు చెప్పవచ్చును.